తిప్పని పేజీలు

ఈ మధ్య చదివిన నవలల్లో ఏ ఒక్కదాన్నీ నేను పూర్తిగా నమ్మలేకపోయాను. ఇది గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు. నమ్మి చదివే సుఖం నాకు చాలా కాలం క్రితమే పోయింది. గడిచిన కొన్ని నెలల్లో మూడు నవలలు చదివాను. మొదటిది మా అడవులను నేపథ్యంగా తీసుకున్నది. అందులో కథానాయిక తెల్లవారుజామున చెట్టెక్కి ఇప్పపువ్వు కోస్తుంది. ఆ వాక్యం దగ్గర పుస్తకాన్ని బల్ల మీద బోర్లించాను. ఇప్పపువ్వును ఎవరూ కోయరు. అది తనంతట తానే రాలుతుంది. మా వైపు ఆడవాళ్ళు చెట్టు కింద నేలను ముందే ఊడ్చి ఉంచి, వేకువన గంపలు పట్టుకుని వెళ్ళి ఏరుకొస్తారు. రాలే పువ్వును కోయించిన ఆ రచయిత, ఆ అమ్మాయి మనసులో ఏముందో మాత్రం అధ్యాయాల కొద్దీ రాశాడు. పువ్వు సంగతి అడిగి తెలుసుకోని మనిషి మనసు సంగతి ఎవరిని అడిగాడు?

రెండవది ఒక పట్నపు కుటుంబం కథ. పుస్తకం పొడుగునా కొడుకు మీద కోపంతో రగిలిన తల్లి చివరి అధ్యాయంలో హఠాత్తుగా క్షమిస్తుంది. కారణం రాయలేదు, వాన కురిసిందని మాత్రం రాశారు. మూడవది మరాఠీ నవల. మా సరిహద్దు గ్రామాల్లాంటి ఒక ఊరికి బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయుడు అందులో నాయకుడు. ఊరివాళ్ళందరూ మంచివాళ్ళు, అమాయకులు, చిరునవ్వు నవ్వుతారు. ఒక్కరూ ఒక పూర్తి వాక్యం మాట్లాడరు. అటువంటి ఊరిని నేను ఎరుగను. మా ఊరు రేగుంటలో చల్ల అడగడానికి వచ్చిన మనిషి కూడా అత్తింటి సంగతి, కోర్టు సంగతి, భూముల లెక్కలు రాయడానికి కొత్తగా వచ్చిన తలాఠీ నడక సంగతి చెప్పకుండా గిన్నె తీసుకుని వెళ్ళదు.

నా అనుమానాలు విని మిత్రులు నవ్వుతారు. కళాశాల రోజుల్లో వాదవివాద పోటీల్లో తిరిగినందువల్ల వచ్చిన జబ్బు అంటారు. ప్రతి వాక్యానికీ సాక్ష్యం అడగడం, ప్రతి ముగింపునూ ప్రతిపక్షపు వాదనగా చూడడం అక్కడే అలవడిందని వాళ్ళ నిర్ధారణ. అందులో కొంత నిజముంది. కానీ ఆ అనుమానానికి బీజం వేసినది కళాశాల కాదు. మా మేనత్త సరోజ. ఆమె చేసిన పని ఏమిటో నాకు ఈ మధ్యనే తెలిసింది.

మా ఊరు నదికి మరాఠీ రాష్ట్రం వైపున ఉంది. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో మరాఠీ చదువుతాం. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్లలకు కథ ఒక భాషలో ఉంటుంది, దాన్ని వినే చెవి మరో భాషలో ఉంటుంది. తెలుగు అక్షరాలు నాకు ఏ బడీ నేర్పలేదు. నది అవతల మంచిర్యాల నుంచి ఎవరో తెచ్చిన గోడ క్యాలెండరు మీద వారాల పేర్లు చూపించి అత్తే నేర్పింది. ఆమె మరాఠీ బడిలో పదో తరగతి దాకా చదివి, మా వాడలో అంగన్‌వాడీ నడిపేది. సిరొంచలో మీటింగు ఉన్న రోజున అక్కడి వాచనాలయం నుంచి ఒక మరాఠీ నవల తెచ్చుకునేది. మేనగోడలిని కాబట్టి నన్ను ఎప్పుడూ కోడలా అనే పిలిచేది. ఆమె చేతులకు పాలపొడి వాసన, సంచికి పాత కాగితాల వాసన ఉండేవి. రెంటినీ నేను ఇప్పటికీ విడదీసి చెప్పగలను.

ఆ నవలలకు ఒక కాలం ఉండేది. వేసవిలో తునికాకు కోత మొదలైతే వాడంతా ఆ పని మీదే ఉండేది. చీకటి విడవకముందే ఆడవాళ్ళు అడవికి వెళ్ళి, ఎండ ముదరకముందే ఆకుల మూటలతో తిరిగి వచ్చేవారు. ఇంత సద్ది తాగి మా పందిరి కింద గుండ్రంగా కూర్చునేవారు. ఆకులన్నిటినీ కొనలు ఒకే వైపు వచ్చేటట్టు సర్ది, లెక్క తప్పకుండా కట్టలు కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేర్చాలి. కట్టలో ఒక్క ఆకు తక్కువైనా కల్లం మీది మున్షీ దాన్ని పక్కకు విసిరేసేవాడు. పచ్చి ఆకుల చేదు వాసన, నానబెట్టిన నార వాసన పందిరంతా నిండి ఉండేవి. పదిమంది ఆడవాళ్ళ పెదవులు చప్పుడు లేకుండా అంకెలు పలుకుతూ ఉండేవి. మధ్యలో సరోజత్త. ఒళ్ళో నవల పెట్టుకుని, ఒక పేజీ మరాఠీలో తనలో తాను చదువుకుని, తలెత్తి దాన్ని మా తెలుగులో చెప్పేది. మళ్ళీ పేజీ తిప్పేది. చెబుతూనే కట్టలూ కట్టేది కాబట్టి ఆ పుస్తకాల అంచులు ఆకు పసరుతో నల్లబడేవి. ఆకు కోత సాగిన ఆ కొద్ది రోజుల్లోనే నవల పూర్తి కావాలి. ఏడాదికి ఒక నవల అలా మా వాడ మొత్తం చదివింది.

చదివింది అనే మాట వాడుతున్నాను గానీ ఆ శ్రోతలు ఊరికే వినేవారు కారు. కథలో వకీలు ప్రవేశించగానే, ఆయనకు పెళ్ళాం ఉందో లేదో ముందుగా చెప్పమని ఒకావిడ పట్టుబట్టేది. నాయిక ఏడిస్తే, పని లేక ఏడుస్తున్నదని, ఓ మూట ఆకు ముందర పెడితే ఊరుకుంటుందని ఇంకొకావిడ తీర్పు చెప్పేది. అత్త నవ్వి పేజీ తిప్పేది. పిల్లనైన నేను వాళ్ళ మధ్య కూర్చుని నార పోగులు చీల్చి ఇస్తూ, పుస్తకంలో ఉన్నదంతా నిజమని, అత్త చెప్పినదంతా పుస్తకంలో ఉన్నదని నమ్మేదాన్ని. నా మొదటి తప్పు అదే.

ఆ శ్రోతలలో బుచ్చవ్వ ఒకరు. మా పక్కింటి ఆవిడ, తక్కువ మాటల మనిషి. వాడలో అందరికంటే వేగంగా కట్ట కట్టేది. ఆమె కట్టను మున్షీ విప్పి చూసేవాడు కాదు. ఆమెకు ఒక్కతే కూతురు, పద్మ. పద్మ కమలాపూర్ వైపు అడవి ఊరి గోండు అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తల్లి ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. బుచ్చవ్వ ఆమెను చూసి, ఒక్క మాట మాట్లాడకుండా తలుపు వేసుకుంది. పద్మ కొంతసేపు నిలబడి బస్సుకు వెళ్ళిపోయింది. ఇది వాడంతా చూసింది. ఆ తర్వాత బుచ్చవ్వ ముందు ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

మరుసటి వేసవిలో అత్త తెచ్చిన నవలలోనూ ఒక కూతురు ఇల్లు విడిచి ఇష్టమైనవాడిని పెళ్ళి చేసుకుంటుంది. తిరిగి వచ్చి తల్లి గడప ముందు నిలబడుతుంది. ఆ ఏడు కథ సాగిన కొద్దీ పందిరి కింద హాస్యాలు తగ్గిపోయాయి. అందరూ బుచ్చవ్వ వైపు చూడకుండా ఆమెనే గమనిస్తున్నారు. కోత చివరి రోజున అత్త ముగింపు చెప్పింది. తల్లి చాలాసేపు తలుపు వెనుక నిలబడిందని, చివరికి గొళ్ళెం తీసిందని, కూతురిని లోపలికి పిలిచి ఏమీ అడగకుండా అన్నం పెట్టిందని చెప్పింది. బుచ్చవ్వ కట్టలు ముగించి లేచింది. వారం తిరగకుండా అహేరి బస్సెక్కి, అక్కడినుంచి కమలాపూర్ వెళ్ళి కూతురిని చూసి వచ్చింది. ఆ ఏడు వానాకాలానికే పద్మ, ఆమె భర్త రాకపోకలు మొదలయ్యాయి.

ఒక నవల ఒక తలుపు తీయించింది. దీన్ని నేను కళ్ళారా చూశాననుకున్నాను. కళాశాలలో సాహిత్యం సమాజాన్ని మార్చగలదా అన్న అంశం మీద పోటీ పెట్టినప్పుడు ఆ నవలే నా బలం. తల్లి గొళ్ళెం తీసిన ఘట్టాన్ని మరాఠీలో వర్ణించి చెబితే చప్పట్లు మోగాయి. అప్పుడు ప్రతిపక్షం తరఫున ఒకతను లేచాడు. ఆ పుస్తకం తాను చదివానని, అందులో తల్లి తలుపు తీయదని, కూతురు స్టేషను వైపు నడిచి వెళ్ళడంతో నవల ముగుస్తుందని నింపాదిగా చెప్పాడు. న్యాయనిర్ణేత నా వైపు తిరిగి, మీరు పుస్తకం చదివారా అని అడిగారు. చదివాను అన్నాను. వేదిక మీద నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఓడిపోయినందుకు కాదు, ఆ ఒక్క మాటకే ఇప్పటికీ తలవంచుకుంటాను.

ఆ సాయంత్రమే అత్తకు ఫోన్ చేశాను. ఆమె నవ్వింది.

"వేరే పుస్తకమైతదేమో కోడలా. ఒక్క పేరుతోని రెండు పుస్తకాలు ఉండొద్దా ఏంది?"

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచి ప్రతి నవల చివరి పేజీనీ ముందుగా చదివి, ఆ తర్వాతే మొదటి పేజీకి వెళ్ళే అలవాటు మొదలైంది. ఆ పుస్తకం కోసం వాచనాలయంలో వెతికాను. పట్టీలో పేరు ఉంది, అరలో పుస్తకం లేదు.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి అత్త చనిపోయింది. దినాలు ముగిశాక మా నాన్న ఆమె ఇనుప పెట్టె తెరిచాడు. అంగన్‌వాడీ రిజిస్టర్ల అడుగున వాచనాలయం ముద్రతో ఆ నవల ఉంది. వెనక్కి ఇవ్వలేదు, బహుశా ఇంకెవరూ చదవకూడదనే ఇవ్వలేదు. పేజీల అంచులు ఆకు పసరుతో నల్లగా ఉన్నాయి. ఒకచోట ఎండిన తునికాకు గుర్తుగా పెట్టి ఉంది. ఆ ఆకు తర్వాత పదకొండు పేజీలు. వాటి అంచులు తెల్లగా ఉన్నాయి. నిలబడే చదివాను. ప్రతిపక్షపు అబ్బాయి చెప్పినది అక్షరాలా నిజం. తల్లి తలుపు తీయలేదు.

సాక్షి చనిపోయిన తర్వాత సాక్ష్యం దొరకడం ఎంత నిస్సహాయమైన స్థితో వాదించడం నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. అత్తను అడగవలసిన ప్రశ్నలు నా దగ్గర వరుసగా ఉన్నాయి. వినడం తప్ప వేరే దారి లేని మనుషుల దగ్గర ముగింపు మార్చే హక్కు ఎవరిచ్చారు? పట్నపు నవలలో వానను కురిపించి తల్లి చేత క్షమింపజేసిన రచయితకూ నీకూ తేడా ఏమిటి? మిగిలిన ఏళ్ళ నవలల్లో ఇంకెన్ని మార్చావు? నా చిన్నతనమంతా నేను విన్నవి ఎవరి కథలు?

పుస్తకం దొరికిన సంగతి వాడలో తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఈ వేసవి ఆకు కోత మొదలైన రోజుల్లో పద్మ నాకు ఫోన్ చేసింది. తల్లిని చూడడానికి వచ్చి పది రోజులుగా వాడలోనే ఉంది. పుస్తకం తీసుకుని వచ్చి చదివి వినిపించమని అమ్మ అడుగుతున్నదని చెప్పింది. రాసినదాన్ని మార్చకూడదన్నది నా నియమం. ఆ నియమం తప్పినందుకే చనిపోయిన మనిషి మీద కోపం పెంచుకున్నాను. ఉన్నదున్నట్టు చదివితే, ఒక ముసలామె తన జీవితంలో తీసుకున్న అతి పెద్ద నిర్ణయానికి ఆధారం అబద్ధమని ఆమె ముఖం మీద చెప్పినట్టవుతుంది, అది కూడా కూతురు ఇంట్లో ఉండగా. మార్చి చదివితే, అత్తను ప్రశ్నించే అర్హత నాకు ఉండదు. వెళ్ళకుండా ఉండడానికి రెండు సాకులు చెప్పాను. మూడోసారి పద్మ ఫోన్ చేసినప్పుడు సాకులు అయిపోయాయి.

మధ్యాహ్నం వెళ్ళాను. మా పందిరి ఎప్పుడో పోయింది. అక్కడ ఇప్పుడు రేకుల షెడ్డు, మోటారు సైకిలు ఉన్నాయి. ఆకు కట్టేవాళ్ళు ఎవరి ఇంటి ముందర వాళ్ళు కూర్చుంటారు. పక్కన ఫోన్‌లో పాటో సినిమానో మోగుతూ ఉంటుంది. లెక్కలో పడి మాట తప్పితే వెనక్కి జరిపి మళ్ళీ వింటారు. ఒకప్పటి కథ అలా వెనక్కి జరిగేది కాదు. అయితే ఫోన్‌లోని సినిమా ముగింపును వాడలో ఎవరూ మార్చలేరు కూడా. ఇది లాభమో నష్టమో ఇంతకు ముందైతే వెంటనే చెప్పేదాన్ని.

బుచ్చవ్వ వరండాలో ఆకుల కుప్ప ముందు కూర్చుని ఉంది. చూపు తగ్గింది, చేతులు తగ్గలేదు. లోపల వంటింట్లో పద్మ పెసర్లు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను కూర్చుని మొదటి పేజీ తెరవబోయాను.

"మొదటికెల్లి వద్దు బిడ్డా. సరోజ ఏడ ఆపిందో ఆడికెల్లి సదువు."

"అత్త మొత్తం చెప్పింది గద అవ్వా."

"చెప్పింది. సదవలే."

ఆమె కట్టకు నార చుడుతూనే మిగతాది చెప్పింది. ఆ రోజు అత్త చివరి ముచ్చట చాలాసేపు చెప్పిందని, అంతసేపూ ఒక్క పేజీ తిప్పలేదని, పుస్తకం వైపే చూడలేదని చెప్పింది.

"లేచేటప్పుడు పుస్తకం నేనే అందిచ్చిన. నడుమ ఆకు వెట్టి ఉండె. కట్ట చేతిల వడితే ఎన్ని ఆకులున్నయో చెప్పేదాన్ని, నాకు ఎర్కగాదా? కథ అయిపోయిందన్నది. కాయితాలు అయిపోలే."

ఇన్నేళ్ళు నవలల చివరి పేజీలను ముందే చదివి, రచయితల అబద్ధాలు పట్టుకున్నానని గర్వపడిన నాకంటే, ఒక్క అక్షరం రాని ఈ మనిషి ముందే పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంది. మరి తెలిసి కూడా కమలాపూర్ ఎలా వెళ్ళావని అడిగాను.

"సరోజ ఎన్నడు అబద్ధం ఆడని మనిషి. నాకోసం పదిమంది ముంగట ఆడె. దాని మొకం చూస్తివా, ఎంత పరేషాన్ అయిందో. మనిషి అంత కష్టపడ్డంక ఇగ నేను ఇంట్ల కూసుండి ఏం కాపాడుకోవాలె?" కట్ట పక్కన పెట్టి అన్నది, "అది పోయింది. ఇప్పుడు సదువు. జర గట్టిగ."

తునికాకు తీసి పక్కన పెట్టి చదివాను. ఒక పేజీ మరాఠీలో చదువుకోవడం, తలెత్తి తెలుగులో చెప్పడం, పేజీ తిప్పడం. ఒక్క వాక్యమూ మార్చలేదు. కానీ మార్చాలని నాలుక రెండుసార్లు తొందరపడింది. పదిమంది చూపుల మధ్య, ఆ చోటనే అత్త ఒంటరిగా ఎలా నిలబడిందో అప్పుడు అర్థమైంది. ఆమె చేసినది సరైనదని ఇప్పటికీ అనను. ఆమెను అడగాలనుకున్న ప్రశ్నల్లో మాత్రం ఒకటి రెండు రాలిపోయాయి. తల్లి తలుపు వేసింది. కూతురు దీపం ఆరేదాకా నిలబడింది. స్టేషను దారి, అడుగుల చప్పుడు, దూరంగా రైలు. పదకొండో పేజీ అయిపోయింది. వంటింట్లో చాట చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"తలుపేసినంక లోపటామె ఏం చేసింది?" అని అడిగింది బుచ్చవ్వ.

మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. గొళ్ళెం పెట్టిన చప్పుడు కూతురికి వినిపించిందని ఒక్క వాక్యం ఉంది. అంతకు మించి లేదు. అదే చెప్పాను.

"అయితే రాసినాయన బయటనే నిలవడ్డడు," అన్నది. "లోపటికి రాలే. సగమే రాసిండు."

నవలల గురించి నేను రాసినవాటిలో, వేదికల మీద చెప్పినవాటిలో ఇంతకన్న సూటి విమర్శ లేదు. దాన్ని నేను నా నోటుపుస్తకంలో రాసుకుందామని అనుకుంటున్నాను. అంతలో ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఆ మాటలు నాకోసం కాదని గొంతు ఎత్తిన తీరులోనే తెలిసింది.

"నేను గొళ్ళెం వెట్టి ఆడనే కూసున్న. పొయ్యి మీద కూర మాడింది. లేవలే. పోయిందా, నిలవడ్డదా అని తలుపుకు చెవి వెట్టి విన్న. అమ్మా అని ఒక్కసారి పిలిస్తే తీద్దామనుకున్న. అది పిలువలే."

పద్మ వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"పిలిస్తే తీస్తవని నాకెట్ల తెలుస్తదే అమ్మా," అన్నది.

బుచ్చవ్వ కుప్పలోంచి కొన్ని ఆకులు కూతురు కూర్చునే చోటుకు జరిపింది. పద్మ వచ్చి కూర్చుంది. కొనలు ఒక వైపుకు సర్దుతూ, పెదవులతో లెక్క పలుకుతూ కట్ట కట్టింది. నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. పద్మ ముడి వేసి ఇచ్చిన కట్టను బుచ్చవ్వ అరచేతిలో కాసేపు పట్టుకుంది.

"ఒకటి తక్కువున్నది," అన్నది.

పద్మ నార విప్పి మళ్ళీ లెక్కపెట్టింది. నిజంగానే ఒకటి తక్కువ.